అమలాపురంలో రెక్స్‌ని ఎవరు వింటారు

"రెక్స్ మళ్ళీ జుట్టు పెంచుతున్నాడంట."

ఎలీసమ్మ ఆ మాటతోనే క్యాసెట్ల షాపు మెట్లెక్కింది. ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. నర్సు చీర కూడా మార్చుకోలేదు.

షాపు బుల్లబ్బాయిది. అతను టేప్ రికార్డర్ సౌండు తగ్గించాడు.

"ఎవరు చూసేరండీ?"

"మా అక్క. మద్రాసులో. భుజాల దాకా ఉందంటండి."

"అయితే వచ్చేస్తున్నాడు," అన్నాడు సూర్యప్రకాష్. అతను ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. రెక్స్ విషయంలో అనుమానం అనేది అతని ఒంట్లో లేదు. "యాభై రెండేళ్ళ మనిషి ఊరికే జుట్టు పెంచడండి. అది స్టేజీ కోసమే."

రెక్స్ శామ్యూల్ ఇరవై ఏళ్ళు దేశమంతా తిరిగి గిటార్ల హోరులో హెవీ మెటల్ పాటలు పాడాడు. ఆరేళ్ళ కిందట, 1989లో, విశాఖపట్నం స్టేజీ మీద పాట మధ్యలో గొంతు పోయింది. మళ్ళీ పాడలేదు.

ఆ రోజు ఈ ముగ్గురూ ఆ జనంలోనే ఉన్నారు. ఆ మిగిలిన సగం పాట వినాలి. వాళ్ళకి కావలసింది అంతే.

నెలనెలా అమలాపురం నుంచి రెక్స్‌కి ఒక ఉత్తరం వెళ్తుంది. కింద నలభై సంతకాలు. దొంగ సంతకం ఒక్కటి లేదు. ఎలీసమ్మ ఇల్లిల్లూ తిరిగి పెట్టించినవి. పైన అడ్రసు ఈ షాపుది. జవాబు మాత్రం ఒక్కసారీ రాలేదు.

"టూరు పెడితే మొదటి ఆట మన ఊళ్ళోనే," అన్నాడు సూర్యప్రకాష్.

"కరెంటు ఉంటుందా మాస్టారూ?" అన్నాడు బుల్లబ్బాయి.

"పోతే పోనీ. మీ బావమరిది జనరేటర్లు ఎందుకున్నాయండీ?"

"అవి పెళ్ళిళ్ళకండి."

"ఇది పెళ్ళి కంటే ఎక్కువ."

బుల్లబ్బాయి నవ్వి మళ్ళీ సౌండు పెంచాడు. గిటార్లు రోడ్డు మీద పడ్డాయి.

అప్పుడే గుమ్మంలో ఓ పెద్దాయన నిలబడ్డాడు. పిలక, ఒంటి నిండా విభూతి, చంకలో గొడుగు. ఈ ముగ్గురూ ఎప్పుడూ చూడని మనిషి.

బుల్లబ్బాయి చటుక్కున టేపు కట్టేశాడు. సూర్యప్రకాష్ లేచి వెళ్ళి, నాలుక చాపిన రెక్స్ పోస్టరుకి అడ్డంగా నిలబడ్డాడు. ఎలీసమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"రండి పంతులుగారూ. భక్తి పాటలు ఆ వరసలో ఉన్నాయండి."

"వద్దు నాయనా. ఇందాక వినపడింది రెక్స్ అనే ఆయన పాట కదూ?"

బుల్లబ్బాయికి అర్థమైపోయింది. సౌండు గురించి వీధిలో ఎవరో చెప్పి, ఈయన్ని మందలించమని పంపి ఉంటారు.

"పొరపాటున పెట్టేనండి."

"ఇక్కడ ఆయన్ని వినేవాళ్ళున్నారా?"

"ఎవరూ లేరండి."

"ఒక్కరైనా?"

"ఆ కేకలు ఎవరు వింటారండీ. కుర్రాళ్ళు నాలుగు రోజులు సరదా పడ్డారు, మానేసేరు."

పెద్దాయన సూర్యప్రకాష్ వైపు తిరిగాడు. "మళ్ళీ పాడతానంటే?"

"చూసే నాథుడు లేడండి. ఆయన పని అయిపోయింది," అన్నాడు సూర్యప్రకాష్. వీపుతో పోస్టరు నొక్కిపెట్టి మరీ అన్నాడు.

ఎలీసమ్మ నోరు తెరిచింది. "నేను..."

"ఈవిడ ఏసుప్రభువు పాటలకి వచ్చేరండి," అని అడ్డం పడ్డాడు బుల్లబ్బాయి.

"అంతేనా అమ్మా?"

పెద్దాయన వెనక నుంచి బుల్లబ్బాయి రెండు చేతులూ జోడించి ఆమెకి దణ్ణం పెడుతున్నాడు.

"ఆయ్, అంతేనండి," అంది ఎలీసమ్మ.

ఆయన తల ఊపాడు. "మొహమాటం లేకుండా చెప్పారు. మంచిదే," అని గొడుగు విప్పుకుని ఎండలోకి దిగాడు.

"ఎందుకండీ ఆ అబద్ధాలు?" ఎలీసమ్మకి ఒళ్ళు మండింది.

"పెద్దాయన మనసు కష్టపెట్టమంటారా?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఆయన తిట్టలేదు. అడిగేరు."

"అంత పెద్దాయన ముందు ఇలాంటివి వింటామని ఎలా చెప్తామండీ."

ఈ ఊళ్ళో మర్యాద అంటే అదే. ఎదుటివాడికి ఏది ఇష్టమో మనమే అనుకుని, మనమే చెప్పేసి, మనమే సంతోషించడం.

నెల తిరిగేసరికి మద్రాసు నుంచి ఇంగ్లీషు పత్రిక వచ్చింది. అందులో రెక్స్ ఇంటర్వ్యూ. సూర్యప్రకాష్ నిలబడే చదివి తెలుగులో చెప్పాడు.

"గొంతు వచ్చేసిందంట. మునుపటి కంటే గట్టిగా ఉందంట."

"మీరు చెప్పలేదూ మాస్టారూ," అన్నాడు బుల్లబ్బాయి.

"ఉండండి. టూరు లేదంట."

సూర్యప్రకాష్ పత్రిక కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏమంటున్నాడంటే... నాకు ఎక్కువ ఉత్తరాలు రాసింది అమలాపురం వాళ్ళు. వాళ్ళ కోసమే మళ్ళీ మొదలెడదామనుకున్నాను. నేనే వెళ్తే మొహం మీద నిజం చెప్పరు. అందుకని నన్ను ఎన్నడూ పొగడని మనిషిని పంపి అడిగించాను. నన్ను వినేవాడు అక్కడ ఒక్కడూ లేడట. బ్యాండు వాళ్ళని పంపేశాను."

బుల్లబ్బాయి సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. "ఇప్పుడే ఉత్తరం రాద్దామండి. నలభై కాదు, నాలుగొందల సంతకాలు పెట్టిద్దాం."

"మన సంతకాలు ఇంకెందుకు నమ్ముతాడండీ," అంది ఎలీసమ్మ. "ఆ పెద్దాయన వెళ్ళి అలా చెప్పేక." తనూ ఆయ్ అంది కాబట్టి అంతకు మించి ఎవర్నీ ఏమీ అనలేకపోయింది. మళ్ళీ తనే అడిగింది. "ఇంతకీ ఆ పెద్దాయన ఎవరో రాసేరా?"

సూర్యప్రకాష్ కాగితం తిప్పి చివరి పేరా చదివాడు: డాక్టర్లు ఇక లాభం లేదన్న రెక్స్‌ని, కొత్తపేట దగ్గర పల్లెలో వేదం చెప్పుకునే, అమలాపురం వెళ్ళి అడిగొచ్చిన బాలగంగాధరంగారే రెండేళ్ళు ఇంట్లో పెట్టుకుని, బొడ్డు దగ్గర నుంచి ఊపిరి తీయడం నేర్పి, మళ్ళీ పాడించారు.