ముందు నడిచే చప్పుడు

"ఏమండీ, ఆ చెప్పుల చప్పుడు కాస్త తగ్గించండి."

ముందున్న చప్పుడు ఆగింది. జవాబు మాత్రం రాలేదు.

"మీకే చెబుతున్నా. నాకు చూపు లేదు. చెవులతోనే నడవాలి. మీ టకటకలో ఇంకేమీ వినబడట్లేదు."

అప్పుడూ జవాబు లేదు. కాసేపాగి మళ్లీ టక్, టక్, టక్.

మూగవాడైనా అయ్యుండాలి, పొగరుబోతైనా అయ్యుండాలి అనుకున్నాడు ఆపరేటర్.

అతనిది ఓ బట్టల మిల్లు ఆఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం. గొంతు ఒక్కసారి వింటే చాలు, ఏడాది తర్వాతైనా మనిషిని పోల్చుకుంటాడు. ఫోన్ల దగ్గర అతనికి తిరుగులేదు. బస్సు దిగి ఆఫీసుకు చేరేదాకా ఉన్న ఫుట్‌పాతే అతని ప్రాణాలు తోడేసేది.

ఆ ఫుట్‌పాత్ వేసినవాళ్లు దానిమీద ఎన్నడూ నడిచి ఉండరు. కాలువ ఉన్నచోట మూత ఉండదు. మూత ఉన్నచోట అది కుదురుగా ఉండదు. నిన్న గట్టిగా ఉన్న బండ ఇవాళ కాలు మోపగానే ఊగుతుంది. కేబుళ్లవాళ్లు తవ్వి పోతారు, పూడ్చడం ఎవరి పనో వాళ్లకూ తెలియదు. కళ్లున్నవాళ్లే దేవుడిమీద భారం వేసి నడిచేవారు. అతను కర్రమీద వేసేవాడు.

కాలు ఎత్తిన ప్రతిసారీ, దించేచోట నేల ఉంటుందో ఉండదోనని అరచేతులకు చెమటలు పట్టేవి. ఆ సంగతి ఇంట్లో చెప్పేవాడు కాదు.

"నేనూ వస్తానండీ. ఆఫీసు గేటు దాకా దిగబెట్టి వచ్చేస్తాను" అనేది భార్య.

"అక్కర్లేదు. ఒక్కణ్నే వెళ్తాను. మీ నాన్నకి తెలియాలి."

ఆ పంతానికి కారణం ఉంది. వాళ్లు ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఆమె తరఫున ఒక్కరూ రాలేదు. మావగారి దగ్గర్నుంచి ఫోన్‌లో ఒక్క మాట మాత్రం వచ్చింది.

"కాళ్లముందు గుంత కనబడనివాడు నా కూతుర్నేం చూసుకుంటాడు?"

ఆ గొంతు మళ్లీ వినలేదు. మాట మాత్రం ముల్లులా దిగబడిపోయింది. పడకూడదు. ఒక్కసారి కూడా పడకూడదు. పడ్డాడంటే ఆ మాట నిజమైపోతుంది.

చిత్రంగా, ఉద్యోగంలో చేరాక అతను పడనే లేదు. ముందున్న టకటక పక్కకి జరిగితే తనూ జరిగేవాడు, ఆగితే ఆగేవాడు. అయినా ఆ గొప్పంతా తన కర్రదీ, తన తెలివిదీ అనుకునేవాడు. మనిషన్నాక అలాగే అనుకుంటాడు.

కసురుకున్న మర్నాడు ఆ చప్పుడు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. "చెప్పినకొద్దీ ఎక్కువ చేస్తున్నాడు" అని పళ్లు కొరుక్కున్నాడు ఆపరేటర్.

ఆ వారంలోనే, వాన వెలిసిన ఓ పొద్దున, టక్ టక్ మన్న చప్పుడు ఉన్నట్టుండి తెగిపోయింది. బండ విరిగింది. ఏదో బరువుగా నీళ్లలో పడింది. జనం కేకలు వేస్తూ పరిగెత్తారు.

ఎవరో ఆపరేటర్ భుజం గట్టిగా పట్టుకున్నారు.

"ఆగండాగండి. రెండడుగులు వేస్తే మీరూ పోయేవారు. ఆ పెద్దాయన మీ మనిషేనా? రోజూ మీ ముందే వెళ్తుంటాడు."

"నా మనిషి కాదు. ఆయనెవరో నాకు తెలీదు."

భుజం విడిపించుకుని, గుంతకు దూరంగా ఫుట్‌పాత్ దిగి రోడ్డుమీదుగా వెళ్లిపోయాడు. అప్పటికే ఆఫీసుకు ఆలస్యమైంది.

సాయంత్రం ఇంటికి రాగానే భార్యతో అన్నాడు.

"మీ నాన్నకి కబురు పెట్టు. ఇవాళ కళ్లున్నవాడే గుంతలో పడ్డాడు. నేను పడలేదు."

"అయ్యో. దెబ్బలేమైనా తగిలాయా ఆయనకి?"

"ఏమో. నేను ఆగలేదు."

ఆమె ఫోన్ అందుకుంది. మెల్లగా అంది. "ఫోన్ చేస్తానండీ. ఈ మాట వింటే నాన్న మెత్తబడతారేమో."

చేసింది. ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు బస్సు దిగితే ముందు ఏ చప్పుడూ లేదు. నాలుగడుగులకే కర్ర బురదలో దిగబడింది. లాగి పక్కన వేస్తే ఇనుప చువ్వ తగిలింది. ఇటు వేస్తే అసలేమీ తగల్లేదు. ఇన్నాళ్లూ ఈ దారి తనకు కొట్టినపిండి అనుకున్నాడు. ఇప్పుడు ఒక్క అడుగు కూడా తెలియడం లేదు. నడిరోడ్డులో చంటిపిల్లాడిలా ఏడుపొచ్చింది.

"బాబూ, అక్కడే ఆగు. నీకోసమే చూస్తున్నా."

బస్టాపు మూలన చెప్పులు కుట్టే ఆయన గొంతు. వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన పెట్టె పక్కన కూర్చోబెట్టాడు. ఈసారి ఆపరేటర్ చెయ్యి విడిపించుకోలేదు.

"నిన్న పడ్డాయనకి ఎలా ఉంది?"

"పోయాడు. ఆస్పత్రికి నేనే తీసుకెళ్లా. దక్కలేదు."

"ఎవరాయన?"

"నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇక ఆ ఒట్టుతో ఎవరికేం పని? గొంతు వింటే పట్టేస్తావని నీ దగ్గర నోరే విప్పేవాడు కాదు. ఊరి ఆ చివర్నుంచి మొదటి బస్సుకే వచ్చేవాడు. దారంతా తొక్కి చూసుకుని, నువ్వు దిగేదాకా ఇక్కడే కూర్చునేవాడు. చప్పుడు బాగా రావాలని చెప్పుల కింద ఇనప లాడాలు నేనే కొట్టా. నువ్వు కసురుకున్నాక తీసెయ్యనా అని అడిగితే, 'వద్దు, ఇంకో రెండు కొట్టు. తిట్టుకుంటే తిట్టుకోనీ, వినబడితే చాలు' అన్నాడు."



"నిన్న నేను... నా మనిషి కాదన్నాను. అది ఆయనకి వినబడిందా?"

చెప్పులు కుట్టే ఆయన తన పెట్టె మూత వేశాడు.

"వినబడింది బాబూ. అయినా బండిలో నా ఒళ్లో పడుకుని ఒక్కటే అడిగాడు, 'మా అల్లుడు ఆ గుంత దాటాడా?' అని."