పది గంటల బస్సు

మా ఏట్లో దొంగతనంగా ఇసుక తోలే ట్రాక్టర్ల ఫొటోలున్న మెమరీ కార్డును చెనక్కాయల పొడి డబ్బాలో దాచి, నా మనవరాలు జయంతి సంచి సర్దుతా ఉంది. అది సోమవారం పొద్దున, అనంతపురంలో కలెక్టరు అర్జీలు తీసుకునే దినం.

‘మన ఏరు’ వాట్సాప్ గ్రూపులో ఊరంతా ఉంది. జయంతి ఫొటోలు తీసిందని అందరికీ తెలుసు, అందులో ట్రాక్టర్లోళ్ల మనిషి ఎవరో మాత్రం తెలియదు. అందుకే ప్రయాణం సంగతి గ్రూపులో పెట్టొద్దన్నాను.

పక్కింటి ఈరప్ప గడపలో నిలబడినాడు.

“యాడికి పాపా? ఏ బస్సుకు?”

నాకు ఈరప్ప మీద అనుమానమొచ్చింది. బయలుదేరే మనిషిని యాడికని అడగరాదని ఊరందరినీ తిట్టేది ఈ ఈరప్పే.

జయంతి నోరు తెరవకముందే నేనే చెప్పినాను. “పది గంటల బస్సుకు లేప్పా. ఏం, నువ్వు టికెట్టు కొట్టిస్తావా?”

“కొట్టిచ్చినా కొట్టిస్తాలే అక్కా,” అని నవ్వి పోయినాడు.

జయంతిని ఎనిమిది గంటల బస్సుకే ఎక్కించి వచ్చినాను.

పది దాటినాక గ్రూపులో ఈరప్ప రాసినాడు. కూడబలుక్కుని చదివినాను.

“జయంతి పాపా, యాడుండావు? నిన్ను ఒంటిగా పంపేకి మనసొప్పక తోడొచ్చినా. పది గంటల బస్సులో ఎనక సీట్లో ఉండా. ఫొటోలు నా సంచిలో పెట్టుకుంటాలే.”

నాతోపాటు గ్రూపులో అందరూ అది చదివినారు.

జయంతి అర్జీ ఇచ్చి సాయంత్రానికి ఇల్లు చేరింది. జీపులో వచ్చినోళ్లు దారిలో బస్సు ఆపి ఈరప్పను దించుకున్నారని కండక్టరు చెప్పినాడు.

ఆ సోమవారం పోయిన ఈరప్ప తిరిగి రాలేదు.