గునుగు పూల కాపలా

చెత్తగుట్ట చుట్టూ గునుగు, బంతి విరగబూశాయి. చెత్తలోంచి మట్టిలోకి దిగిన సీసమనే విషలోహాన్ని పీల్చడానికి సర్కారు నాటించిన పూలవి. ఆ ఊళ్లో ఇంకెక్కడా పువ్వన్నది లేదు. కాపలాదారు అండాలు మెడలో ఈల వేసుకుని కంచె వెంట తిరుగుతోంది.

"అక్కా, రేపు సద్దుల బతుకమ్మ. తట్టెడు పూలన్న తెంపుకోనియ్యవా?" అని ఆడవాళ్లు బతిమాలారు.

"తెంపి చెరువుల ఏస్తరు. సీసమంత నీళ్లల్ల దిగుతది. చెరువును సంపుతరా?" అని అండాలు ఈల ఊదింది.

చేసేది లేక ప్లాస్టిక్ పూలతో బతుకమ్మలు పేర్చుకున్నారు. అండాలు కూడా చప్పట్లు కొడుతూ ఆడింది. చెరువు బాగుండాలని, ఆటయ్యాక ఒక్కటి కూడా నీళ్లలో వదల్లేదు.

మర్నాడు ఆ బతుకమ్మలన్నీ చెత్తబండెక్కి గుట్టమీదికే వచ్చాయి. మొదటి వానకే వాటి రంగుల్లోని సీసం మట్టిలోకి దిగింది.

అధికారులు వచ్చి మరో రెండెకరాల్లో గునుగు నాటించి, అండాలుకు ఇంకా గట్టిగా మోగే ఈల ఇచ్చారు.