ముట్టని అన్నం

ఆ పొద్దున వాన వెలిసింది గానీ, ఆకాశం ఇంకా మొహం ముడుచుకునే ఉంది. కార్ఖానా మెస్సులో వంట చేసే ఆయన పెరట్లో నిలబడి, నిన్న వెనక్కి వచ్చిన క్యారేజీ మూత తీశాడు. ఒక్క మెతుకు కదల్లేదు.

“ఇదీ అంతేనా?” అంది భార్య.

“మొన్న కారం ఎక్కువైందేమో అనుకున్నా. నిన్న అసలు వెయ్యనే లేదు.”

“ముప్పయ్యేళ్ళుగా నోరు మూసుకుని తింటున్నా. నాకు లేని ధైర్యం ఆవిడకుంది.”

అతను నవ్వలేదు.

ఏటి అవతలి నుంచి వరదకు తరలివచ్చిన ముసలమ్మ బడిలో చివరి గదిలో ఉంటోంది. ఆవిడ భాష ఇక్కడెవరికీ రాదు. కొడుకు నీళ్ళలో కొట్టుకుపోయాడు. కబురు లేదు.

నిన్న సాయంత్రం క్యారేజీ తెచ్చిస్తూ బడి కాపలాదారు అన్నాడు. “నా పక్కన కూర్చుని నా రొట్టెలో సగం తినేది. నీ అన్నం వచ్చిన దగ్గర్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇంకో రోజు ఇలాగే ఉంటే మనిషి దక్కదు.”

వంటాయనకి తల కొట్టేసినట్టయింది.

చిన్నప్పుడు అతనూ ఒకరు పెడితే తిన్నవాడే. పెట్టినవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తుంటే ముద్ద గొంతు దిగేది కాదు. ఆ సిగ్గు ఇంకొకరికి వద్దనుకుని, రెండు రోజులూ గుమ్మం ముందు క్యారేజీ పెట్టి, తలొంచుకుని, మాటా పలుకూ లేకుండా వచ్చేశాడు. మొదటి రోజు అది చూసి ముసలమ్మ ఏడ్చింది. అన్నం విలువ తెలిసిన మనిషి అనుకున్నాడు.

ఇవాళ మెత్తగా, చప్పగా వండి తీసుకెళ్ళాడు. గదిలో కాలికి కట్టుతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముసలమ్మ అతని మొహం తడుముతూనే ఉంది.

“కొడుకే!” అన్నాడు కాపలాదారు. “ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో ఉన్నాడట. మన భాష కూడా వచ్చు.”

వంటాయన గుండెల మీంచి బరువు దిగింది. బెంగతో తినలేదన్నమాట. ఉప్పూ కారాల తప్పు కాదు. క్యారేజీ గుమ్మంలో పెట్టి వెనక్కి తిరిగాడు.

“అయ్యా, అక్కడొద్దు!” కొడుకు గట్టిగా అన్నాడు. “లోపలికి తెచ్చి మీరూ కూర్చోండి.”

“నేను తినేసే వచ్చా నాయనా.”

“ఒక్క ముద్దయినా సరే. మీరు తింటేనే అమ్మ తింటుంది.”

“ఏం, విషం కలిపానంటావా?”

“అయ్యో, ఆ మాటనకండి. కూర్చోండి.”

నలుగురూ నేల మీద కూర్చున్నారు. ముసలమ్మ మొదటి ముద్ద కొడుకు నోట్లో పెట్టింది. తర్వాత తను తింది, ఆగకుండా, గిన్నె అడుగు తేలేదాకా. ఆ ఆకలి చూడలేక వంటాయన తల దించుకున్నాడు.

చివరికి ఉండబట్టలేక అడిగాడు. “నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?”

కొడుకు చెయ్యి కంచంలోనే ఆగింది. “గుమ్మం ముందు అన్నం పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయారటగా?”

“ఆవిడ సిగ్గుపడుతుందని…”

కొడుకు తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మా వైపు చావు కబురు అలాగే చెబుతారు.”