ఊడిన సన్‌షేడ్

సన్‌షేడ్ పెచ్చు ఊడి రోడ్డు మీద పడింది. కింద పూలమ్ముకుంటున్న హుస్సేన్‌బీ భుజం విరిగింది.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. జోజప్ప పేరున. పదిహేను రోజుల్లో ఇల్లు బాగు చేయించాలి. లేకపోతే కేసు, జైలు.

జోజప్ప మామిడి కోత మానుకుని తిరువూరులో ఆఫీసుకు పరుగెత్తాడు.

"ఇల్లెవరి పేరున ఉంది?" ఆఫీసరు తల ఎత్తలేదు.

"నా పేరునే అండి."

"ఇంటి పన్ను?"

"అదీ నా పేరునే అండి."

"మరి రిపేరు ఎవరు చేయించాలి? నేనా?"

గుమస్తాలు నవ్వారు.

"నేనేనండి. కాస్త గడువిస్తే..."

"ఆ ముసలామెకి గడువిచ్చిందా నీ సన్‌షేడ్? ఇల్లుంటే సరిపోదయ్యా, నిలబెట్టుకోవాలి. పెట్టు సంతకం."

పెట్టాడు. మరమ్మతు ఖర్చూ, బాధ్యతా నావేనని. ఆఫీసులకు కావలసింది అదే. కాగితం దొరికితే చాలు, ఇక మనిషి ఏమైపోతే వాళ్ళకేం?

ఇక మిగిలింది గేదె ఒక్కటే. భార్య గ్లోరి దాని పలుపు వదల్లేదు.

"పాలమ్మేగా పిల్లని కాలేజీకి పంపేది? ఆ మాయదారి ఇల్లు మనకొద్దయ్యా. వదిలించుకో."

"ఎట్టా వదిలించుకునేదే? పట్టా ఇల్లు. అమ్మామంటే అదింకో కేసు."

"అయితే మమ్మల్ని ముంచు!"

విస్సన్నపేట బేరగాడు గేదెను తోలుకుపోయాడు. మర్నాటి నుంచి కూతురు ఆరాధన పుస్తకాలు మూటగట్టి, తల్లితో తోటలో కూలికి పోసాగింది.

మేస్త్రీ నాజిమ్ సరుగుడు కర్రలు కట్టి పైకెక్కాడు. పెచ్చులన్నీ రాలగొట్టాడు. తుప్పు పట్టిన ఊచలు కోసేసి కొత్తవి వేశాడు. జోజప్ప కింద ఇసుక జల్లించాడు, మాలు కలిపాడు, తట్టలందించాడు. ఒక మనిషి కూలి మిగులుతుందని ఆశ.

"ఓనరుగారూ! పైకొచ్చి చూస్కోండి. మీ డాబా మీంచి ఊరంతా కనిపిస్తంది!" నాజిమ్ కేకేశాడు.

"నువ్వు కానియ్యి మేస్త్రీ."

"ఒక్కసారి రావయ్యా బాబూ, నీ సొమ్మేం పోతుంది?"

జోజప్ప ఎక్కలేదు.

నాలుగో రోజు హుస్సేన్‌బీ భుజానికి కట్టుతో వచ్చింది. జోజప్ప చేతులు జోడించాడు.

"నీ మీద నాకేం కోపం లేదయ్యా," అందామె. అది విని అతను ఇంకా కుంగిపోయాడు.

ఏడో రోజుకు పని అయింది. నాజిమ్ తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. జోజప్ప రోడ్డు మీద నిలబడి కొత్త సన్‌షేడ్ వంక చూశాడు.

అప్పుడు, జోజప్పకిచ్చిన పేదల పట్టా స్థలాన్ని ఆక్రమించి, కాగితాలు మాత్రం అతని పేరునే ఉంచి, అందులో డాబా లేపి పదిహేనేళ్ళుగా కాపురముంటున్న వీరరాఘవయ్య లోపల్నుంచి వచ్చి, "గోడకి రంగు ఎవడేస్తాడ్రా, మీ తాతా?" అని గేటు వేసుకున్నాడు.