బూడిద మందు

ఒక ఇంటి పెరట్లో తెల్ల పిల్లి ఉండేది. దాని కూనల్ని ఇరుగుపొరుగు వాళ్లు పెంచుకోవడానికి పట్టుకుపోయారు. ఆనాటి నుంచి అది పొద్దస్తమానం తన పొట్ట తనే నాక్కుంటూ కూర్చునేది. పొట్ట మీద బొచ్చు ఊడిపోయి చర్మం ఎర్రగా కందిపోయింది.

"పేలు పట్టి ఉంటాయి చెల్లీ. నాలాగా బూడిదలో పొర్లు, ఒక్కటి మిగలదు" అంది కోడి.

"బూడిదేం పనిచేస్తుంది? బురదలో పడుకుంటే ఏ దురదైనా చల్లారుతుంది" అంది గేదె.

"పేలూ లేవు, దురదా లేదక్కా. నాలుక ఊరుకోవడం లేదు, అంతే" అంది పిల్లి.

గోడ వార పడుకున్న ముసలి కుక్క ఆ మాట విన్నది. మర్నాడు పొద్దున్నే బూడిదకుప్పలో బాగా పొర్లి, పిల్లి ముందుకొచ్చి తల వాల్చింది.

"అమ్మాయీ, ఈ చెవి వెనక నా నాలుక అందదు. కాస్త చూస్తావా?"

"ఇంత వయసొచ్చి ఈ ఒళ్లేంటి తాతా" అని విసుక్కుంటూనే పిల్లి మొదలుపెట్టింది. చెవి అయ్యాక మెడ, మెడ అయ్యాక నుదురు. కుక్క కదలబోతే, కూనల్ని పట్టుకున్నట్టే ముందుకాలితో అదిమిపట్టి మరీ నాకింది. ఆ పూట తన పొట్ట సంగతి దానికి గుర్తే రాలేదు.

వానలు మొదలయ్యేసరికి పొట్ట మీద మెత్తటి నూగు వచ్చింది.

"నే చెప్పలా, బూడిదే మందని" అంది కోడి గర్వంగా.

"నిజమే తల్లీ" అంది కుక్క, రోజూలాగే ఒళ్లంతా బూడిదతో పిల్లి దగ్గరికి నడుస్తూ.