అట్టముక్క చంద్రుడు

"ససేమిరా రాను. వినాయక చవితి పూట చంద్రుణ్ణి చూడమంటావేమిటే?" అంది వెంకటరమణమ్మ, కూతురు తొడగబోయిన కోటు విదిలించుకుని.

"అది అట్టముక్కమ్మా!" అంది స్రవంతి. "దానికి వెండి కాగితం అంటించింది నువ్వే."

"అంటించిన రోజు చవితి కాదుగా!"

లాస్య గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో వాళ్ళ పేట లైబ్రరీలో పిల్లలచేత ఈజిప్టు నాటకం వేయిస్తున్నారు. పోయిన శనివారమే అయిపోవాల్సింది, హాలు కప్పు కారుతోందని ఈ శనివారానికి వాయిదా వేశారు. లాస్యది చంద్రదేవుడు ఖొన్సు వేషం. నెలవంక, దానిమీద గుండ్రటి బింబం ఉన్న కిరీటం నల్లసంచీలో ఉంది. ఆ దేవుడికి ఉన్నట్టే చెవి పక్కన ఒంటిజడ మాత్రం పొద్దున్నే అమ్మమ్మ అల్లేసింది.

"కృష్ణుడంతటివాడు పాలగిన్నెలో నీడ చూసినందుకే మణి దొంగ అనిపించుకున్నాడు," అంది వెంకటరమణమ్మ. "నీడకి లేని మినహాయింపు అట్టముక్కకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

 ఈ దేశంలో మబ్బు వదిలితే కదా చంద్రుడు కనపడేది, ఆ గొడవ మనకి లేదులే అనుకుంది స్రవంతి ఇన్నాళ్ళూ. ఆయన ఇలా సొంత కూతురి నెత్తినెక్కి వస్తాడని ఎవరనుకుంటారు?

"వచ్చాక పూజ చేసి, కథ విని, అక్షతలు వేసుకుంటాంగా?"

"అవి నెత్తిన పడేదాకా చంద్రుడు నా కంట పడకూడదు."

లాస్య అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ఖొన్సు బ్యాడ్ కాదు అమ్మమ్మా. హీ ఈజ్ ఎ ట్రావెలర్! రాత్రంతా స్కైలో నడుస్తాడు. చీకట్లో వెళ్ళేవాళ్ళకి తోడుంటాడు. సిక్ అయితే హీల్ చేస్తాడు."

"మరి నాటకంలో ఏం చేస్తాడు?"

"తోత్ అని ఇంకో గాడ్, బర్డ్ హెడ్ ఉంటుంది, వెరీ క్లెవర్. తనతో బోర్డ్ గేమ్ ఆడి ఓడిపోతాడు. కొంచెం లైట్ ఇచ్చేస్తాడు. దాంతో ఇయర్‌కి ఫైవ్ డేస్ ఎక్స్‌ట్రా వచ్చాయి."

"మనవాడు నవ్వి చెడ్డాడు, మీవాడు ఆడి చెడ్డాడన్నమాట," అని నవ్వింది వెంకటరమణమ్మ. కోటు మాత్రం ముట్టుకోలేదు.

లాస్య సంచీ నేలమీద పెట్టేసింది. "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను."  నెల రోజులుగా ఆ పిల్ల ఒక్కో డైలాగూ అప్పజెప్పింది అమ్మమ్మకే.

వెంకటరమణమ్మ మనవరాలి మొహం చూసింది, ఒక నిట్టూర్పు విడిచింది, కోటందుకుంది. "వస్తాను. కానీ కళ్ళు మూసుకుని కూర్చుంటాను. నీ మాటలు వింటాను. సరేనా?"

"ఎవ్రీ వర్డ్?"

"ఒక్క ముక్క వదలను."

అన్నట్టే, మొదటి వరసలో కూర్చుని, తెర లేవకముందే కళ్ళు గట్టిగా మూసుకుంది. లాస్య చక్కగా చేసింది. ఆటలో ఓడి వెలుగు ఇచ్చేసే చోట మాత్రం వంగబోతే కిరీటం జారింది. హాలంతా ఒక్కసారి "ఓ" అంది. పిల్ల దాన్ని సర్దుకుని డైలాగ్ పూర్తి చేసింది. స్రవంతి ఊపిరి పీల్చుకుని పక్కకి చూస్తే, తల్లి కళ్ళు మూసుకునే ఉంది.

నాటకం అయ్యాక లైబ్రరీ ఆవిడ నవ్వుతూ వచ్చింది. "పాపం పెద్దావిడ, హాయిగా కునుకు తీశారు!"

వెనకాలే వచ్చిన లాస్య ఆ మాట వింది. పరుగెత్తి నాన్న చేతిలో కెమెరా లాక్కుని చూసింది. మొదటి వరసలో అమ్మమ్మ, కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరుచుకుని. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

కారు ఒక రౌండెబౌట్ తర్వాత ఇంకో రౌండెబౌట్ తిరుగుతోంది, లాస్య ఏడుస్తూనే ఉంది. "యూ స్లెప్ట్! ప్రామిస్ చేసి కూడా!"

"నిద్రపోలేదే బంగారం, ఒట్టు."

"పోనీలెండి అత్తయ్యగారూ, ఆ హీటర్ వేడికి ఎవరికైనా కన్నంటుకుంటుంది," అన్నాడు అల్లుడు శ్రీకర్ ఓదార్పుగా. దాంతో నేరం ఖాయమైపోయింది.

స్రవంతికి నవ్వాగలేదు. "చూశావా అమ్మా? చంద్రుణ్ణి చూడకుండా అంత జాగ్రత్తపడ్డావు, అయినా నింద రానే వచ్చింది. ఇంకెక్కడి శాపం?"

వెంకటరమణమ్మ తలొంచుకుని కోటు గుండీలు సర్దుకుంటూ కూర్చుంది. ఎందుకన్నానా అనిపించింది స్రవంతికి.

ఇంటికొచ్చి పూజ చేసుకున్నారు. కథ చదివారు. అక్షతలు వేయబోతే లాస్య తల పక్కకి తిప్పేసుకుంది. వెంకటరమణమ్మ పిల్లని దగ్గరికి లాక్కుని, ఒంటిజడ విప్పుతూ మెల్లిగా అంది.

"కిరీటం జారినప్పుడు ఎడంచేత్తో పట్టుకుని, ఇంత నాలిక కరుచుకున్నావు. అయినా మాట తడబడలేదు. నా తల్లే అనుకున్నాను."

లాస్య గిర్రున తిరిగింది. "కళ్ళు మూసుకున్నావుగా!"

"అందరూ 'ఓ' అన్నారు. పడిపోయావేమోనని ప్రాణం ఆగలేదు. తెరిచి, చూసి, మళ్ళీ మూసుకున్నాను."

లాస్య రెండు చేతులూ అమ్మమ్మ మెడ చుట్టూ వేసేసింది.

"మరి శాపం లేదని నేనంటుంటే నోరు మెదపవేమ్మా?" అంది స్రవంతి, తెల్లబోయి.

వెంకటరమణమ్మ మనవరాలి నెత్తిన నాలుగు అక్షతలు వేసి, తన నెత్తిన ఏకంగా గుప్పెడు పోసుకుంది.

"చూడకపోతే నింద ఎందుకొస్తుందే, పిచ్చిదానా!"